బాలింతకు రక్తం పోతుంటే: గీతలు గీయండి, గడియారం చూడండి

మా వైపు బాలింతకు రక్తం ఎక్కువగా పోతోందంటే ఇంట్లో పెద్దావిడ చెప్పే మాట ఒకటే: "ఏటవుతాదే, సెడు రత్తం పోతంది. పోనీ." శ్రీకాకుళం జిల్లాలో ఇరవై ఏడేళ్లు ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుగా చేశాను. వంశధార పక్కన కొన్నాళ్లు, ఉద్దానంలో కొన్నాళ్లు, చివరికి సముద్రం ఒడ్డు ఊళ్లలో. ఈ మాట వినని ఇల్లు నాకు గుర్తులేదు. అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఆరుగురిని కని, ఇద్దరిని పోగొట్టుకుని, మిగతా నలుగురినీ పెంచినవాళ్లు. అయినా ఆ మాట తప్పే. చెడు రక్తం అంటూ వేరే ఉండదు. చేతికి సూది గుచ్చితే వచ్చే రక్తమే అది కూడా.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. పదకొండేళ్ల కిందటి మాట. బుధవారం, టీకాల రోజు. వరండా నిండా పిల్లల ఏడుపులు. ఫోన్ మోగింది. కాన్పై పన్నెండు రోజులైన పిల్ల, మొదటి కాన్పు. భర్త గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఉన్నాడు. మాట్లాడుతున్నది అత్తగారు. "నర్సమ్మా, కోడలికి మళ్లీ ఎర్రగా అవుతంది. బయం లేదు కదా?" నేను ఒక చేత్తో సిరంజి పట్టుకుని, "పన్నెండు రోజులే కదమ్మా, అవుతుంది. పడుకోమను" అన్నాను. ఎన్ని గుడ్డలు మారుస్తోందని అడగలేదు. "మళ్లీ" అన్న ముక్క నా చెవిన పడనే లేదు. ఆ రాత్రి పదిన్నరకి ఆ పిల్ల దొడ్డి గుమ్మంలో పడిపోయింది. 108 వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది, నాడి అందీ అందకుండా ఉంది. ఆసుపత్రిలో స్కాన్ తీస్తే లోపల మాయ (ప్లాసెంటా) ముక్క ఒకటి మిగిలిపోయి ఉంది. రెండు ప్యాకెట్ల రక్తం ఎక్కించి, లోపల శుభ్రం చేసి, ఐదో రోజున ఇంటికి పంపారు. అప్పుడు పుట్టిన కుర్రాడు ఇప్పుడు ఆరో తరగతి. నేను అటు వెళితే వాళ్ల నానమ్మ ఇప్పటికీ కూర్చోబెట్టి టీ పెట్టిస్తుంది. ఆ టీ నాకు గొంతు దిగదు.

అందుకే ఇది రాస్తున్నాను. కాన్పు దగ్గరపడినవాళ్లు, ఆ ఇంట్లో వాళ్లు ముందే చదివి పెట్టుకుంటే మంచిది. రక్తం పోతున్నప్పుడు కూర్చుని చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

ఏది మామూలు

కాన్పు మామూలుగా అయినా, ఆపరేషన్ అయినా కొన్ని వారాలు రక్తం పోతుంది. ఆపరేషన్ అయినవాళ్లకు కొంచెం తక్కువ పోవచ్చు, అంతే తేడా. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, నెలసరి కంటే ఎక్కువగా ఉంటుంది. ఆ తర్వాత మాంసం కడిగిన నీళ్ల రంగుకి, కాస్త గోధుమ రంగుకి తిరుగుతుంది. పది పద్నాలుగు రోజులు దాటాక గంజిలా, పసుపూ తెలుపూ కలిసినట్టు అవుతుంది. అది కొద్దికొద్దిగా నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఉండొచ్చు. కొందరికి మూడు వారాలకే ఆగిపోతుంది. జ్వరం, కడుపునొప్పి లేకపోతే దానికి టెన్షన్ పడక్కర్లేదు.

రక్తాన్ని ఆపేది గర్భసంచి ముడుచుకోవడమే. మాయ ఊడిన చోట అరచేయంత పచ్చి గాయం ఉంటుంది. సంచి కండరాల పోగులు రక్తనాళాల చుట్టూ అల్లుకుని ఉంటాయి. వల తాడు లాగితే కన్నులన్నీ మూసుకుపోయినట్టు, కండరం ముడుచుకోగానే నాళాలు నొక్కుకుపోతాయి. కాన్పైన వెంటనే కిలో బరువుండే సంచి ఆరు వారాలకు 60 గ్రాములకు దిగుతుంది. బొడ్డు దగ్గర తగిలేది రోజుకో వేలి వెడల్పు కిందకి జారి, రెండు వారాలకు చేతికి అందకుండా పోతుంది. లోపల మాయ ముక్కో పొరో మిగిలిపోయినా, చీము పట్టినా ఆ వల సరిగా మూసుకోదు. ఆలస్యంగా వచ్చే రక్తస్రావంలో నేను చూసినవి చాలావరకు ఈ రెండే.

ఒకటి మీరే చూసుకోవచ్చు. మొదటి వారంలో మూత్రం పోసుకుని వచ్చి, వెల్లకిలా పడుకుని, బొడ్డు కింద అరచేయి పెట్టండి. సంచి కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. మెత్తగా, పిండిముద్దలా ఉండి రక్తం కూడా ఎక్కువ పోతుంటే అది మంచి గుర్తు కాదు. ఆపరేషన్ అయినవాళ్లు నొక్కి చూడకండి. మూత్రం ఆపుకోవడం మాత్రం ఎవరికీ పనికిరాదు. నిండిన మూత్రసంచి గర్భసంచిని పైకి తోసి ముడుచుకోనివ్వదు. పురిటి గదిలోంచి మాటిమాటికీ బయటికి రాకూడదని కూర్చోబెట్టే ఇళ్లకు ఈ మాట గట్టిగానే చెప్పేదాన్ని.

బిడ్డకు పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు పట్టేసినట్టు నొప్పి వచ్చి, కాస్త రక్తం పోతుంది. అది మంచిదే, సంచి ముడుచుకుంటోంది. పొద్దున్నే మంచం దిగగానే ఒక్కసారిగా పోయేది రాత్రంతా లోపల నిలిచిన రక్తం. ఇక ఏడో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య, మాయ ఊడిన చోట కట్టిన పక్కు రాలుతుంది. అప్పుడు గంటా రెండు గంటలు మళ్లీ ఎర్రగా కనిపించి తగ్గిపోతుంది.

చిక్కంతా ఇక్కడే. కాన్పై పన్నెండు రోజులైన ఆ పిల్లకీ అలాగే మొదలైంది, నేనూ అదే అనుకున్నాను. తేడా తెలిసేది గడియారంతోనే. పక్కు రాలిన రక్తం కాసేపటికి తగ్గుముఖం పడుతుంది. మాయ ముక్క ఉన్న రక్తం పెరుగుతుంది, లేదా ఆగి ఆగి మళ్లీ వస్తుంది. రంగు ఎరుపు నుంచి గోధుమకి, గోధుమ నుంచి గంజికి వెళ్లాలి. వెనక్కి తిరిగి ఎరుపుకొస్తే పడుకోబెట్టి, రెండు గంటలు కళ్లు పెట్టుకుని చూడండి. తగ్గకపోతే బయలుదేరండి. తగ్గినా మరునాడు మళ్లీ వస్తే డాక్టరుకి చూపించాల్సిందే.

ఎలా లెక్క పెట్టాలి

"బాగా పోతంది", "కొంచెమే" అన్న మాటలతో డాక్టరుకి ఏమీ అర్థం కాదు. లెక్క కావాలి. ఇళ్లలో లెక్క తెలియకపోవడానికి కారణం ఉంది. పురిటి మైల అని ఆ గుడ్డలు ఎవరూ ముట్టరు. బాలింతే తెల్లారకముందు లేచి ఉతుక్కుని, దడి వెనక, ఎవరికీ కనబడకుండా చీర కింద ఆరేస్తుంది. ఎంత పోయిందో చూసిన మనిషి ఆమె ఒక్కతే. మొదటి కాన్పు పిల్లకి ఎంత పోతే ఎక్కువో ఎలా తెలుస్తుంది?

మా మేనకోడలు పోయిన ఏడాది కన్నప్పుడు, గోడ క్యాలెండర్ పక్కన మేకుకి దారంతో పెన్సిల్ కట్టాను. ప్యాడ్ మొత్తం తడిసిపోతే ఆ తేదీ గడిలో ఒక గీత, పక్కన టైము. సగం తడిస్తే చుక్క. గడ్డ పడితే సున్నా. "అత్తా, ఇదేం లెక్కలు, పాలవాడి ఖాతాలా!" అని నవ్వింది. తొమ్మిదో రోజు రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేసింది, మళ్లీ ఎర్రగా వచ్చిందని. "గీత గీసి, టైము వేసి, పడుకో. నేను లైన్‌లోనే ఉంటాను" అన్నాను. రెండింటికి ఇంకో చుక్క. మూడింటికి చిన్న మరక. అక్కడితో తగ్గిపోయింది. గీతలు లేకపోతే ఆ రాత్రి మేమిద్దరం ఏం చేసేవాళ్లమో చెప్పలేను. కారు మాట్లాడేసేవాళ్లం, లేదా "పోనీ" అనేవాళ్లం.

ప్యాడ్లు వాడితే లెక్క తేలిక. పాత నూలు చీర గుడ్డలే అయితే ఒకే కొలతలో చింపి, నాలుగు మడతలు వేసి పెట్టుకోండి. అన్ని మడతలూ తడిసి లోపలి బట్టకు అంటితే అది ఒక గీత. ఉతికిన గుడ్డలు ఎండలోనే ఆరాలి, సిగ్గు పడితే చీము పడుతుంది. ఈ ఆరు వారాలూ లోపల గుడ్డ గానీ ఇంకేదైనా గానీ పెట్టకూడదు, పైన పెట్టుకునేదే వాడాలి. రక్తం ఆగే దాకా భర్త దూరంగా ఉండాలని కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి.

గడ్డల సైజు: మొదటి రెండు మూడు రోజుల్లో జీడిపిక్కంత గడ్డ పడితే భయం లేదు. నిమ్మకాయంత పడితే నాకు ఫోన్ చేయమనేదాన్ని. కోడిగుడ్డంతవి పడితే ఫోన్ కూడా వద్దు, ఆసుపత్రికే.

ఏ గుర్తుకి బయలుదేరాలి

గంటలోపే ఒక ప్యాడ్ పూర్తిగా తడిసి, రెండో గంటలో కూడా అలాగే తడిస్తే బయలుదేరాలి. కాళ్ల వెంట కారిపోతుంటే రెండో గంట దాకా కూడా ఆగొద్దు. నిలబడితే కళ్లు తిరగడం, గుండె దడ, చల్లటి చెమట, పెదవులు పాలిపోవడం, అయోమయంగా మాట్లాడటం ఉంటే, ప్యాడ్ లెక్క తక్కువే ఉన్నా వెంటనే తీసుకెళ్లాలి. ఎందుకంటే రక్తం లోపలే గడ్డకట్టి నిలిచిపోవచ్చు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, చలితో వణికినా, పొత్తికడుపు ముట్టుకోనివ్వకపోయినా, వాసన తేడాగా ఉన్నా ఆ రోజే చూపించాలి. నెలసరిలో ఉండే నీచు వాసన మామూలే. పాడైన చేప వాసన మామూలు కాదు. ఆ తేడా ఒడ్డు ఊళ్లలో నేను చెప్పక్కర్లేదు.

"బీపీ బాగానే ఉంది" అన్న మాటకి మోసపోకండి. వయసులో ఉన్న పిల్లల ఒళ్లు చాలాసేపు తట్టుకుని, తర్వాత ఒక్కసారిగా కూలిపోతుంది. ముందు పెరిగేది నాడి. మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి నిమిషం లెక్కపెట్టండి. కదలకుండా పడుకుని ఉన్నా వంద దాటి కొట్టుకుంటుంటే అది రక్తం పోయిన గుర్తు కావచ్చు.

తల్లీబిడ్డ కార్డులో హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా చూడండి. పదకొండు ఉన్న పిల్ల ఓర్చుకునే రక్తస్రావాన్ని ఏడూ ఎనిమిదీ ఉన్న పిల్ల ఓర్చుకోలేదు. అలాంటివాళ్లకు పైన చెప్పిన లెక్కల దాకా కూడా ఆగకండి, ఇంకా ముందే కదలండి.

బండి వచ్చేలోగా

108కి ఫోన్ చేసి "నీరసంగా ఉంది" అనకండి. "కాన్పై పన్నెండు రోజులు, గంటకో ప్యాడ్ తడుస్తోంది, కళ్లు తిరుగుతున్నాయి" అని చెప్పండి. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వేరు, అది కాన్పయ్యాక ఇంటి దగ్గర దింపేది. అత్యవసరానికి 108.

వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద దిండ్లు పెట్టండి, దుప్పటి కప్పండి. మూత్రం పోసుకోగలిగితే గిన్నె పెట్టి పోయించండి, నడిపించొద్దు. స్పృహలో ఉంటే బిడ్డను రొమ్ముకి అందించండి, దానితో సంచి కొంత ముడుచుకుంటుంది. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకండి. చివరిసారి ఎప్పుడు, ఏం తిన్నదో గుర్తుపెట్టుకోండి, మత్తు ఇవ్వాల్సి వస్తే డాక్టరు అడుగుతారు. ఇద్దరి మధ్య కూర్చోబెట్టి బైకు మీద తీసుకెళ్లడం మాత్రం వద్దు. మా ఊళ్లలో చాలామంది చేసేది అదే. కూర్చోబెట్టేసరికి మెదడుకి రక్తం అందక దారిలోనే సొమ్మసిల్లుతారు.

డిశ్చార్జి కాగితం, తల్లీబిడ్డ కార్డు, క్యాలెండర్ కాగితం, పడిన గడ్డ ఉంటే కవరులో, తడిసిన చివరి ప్యాడ్లు కూడా తీసుకెళ్లండి. సిగ్గు పడొద్దు, డాక్టరు చూడాలనుకునేది వాటినే. బిడ్డనూ వెంట తీసుకెళ్లాలి. రక్తం ఇవ్వగల ఇద్దరు మగపిల్లల్ని వెనక రమ్మనండి.

ఎక్కడికి? స్కాన్, స్త్రీల డాక్టరు, రక్తం మూడూ ఉన్న చోటికి. శ్రీకాకుళం వాళ్లకు రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది, జిల్లాలో ఉత్తరాన ఉన్నవాళ్లకు టెక్కలి జిల్లా ఆసుపత్రి. విజయనగరం వాళ్లకు ఘోషాసుపత్రి, అంటే ఆడవాళ్ల ప్రభుత్వ ఆసుపత్రి. పీహెచ్‌సీ దారిలోనే ఉంటే ఆగి సెలైన్ పెట్టించుకుని సాగిపోవచ్చు. ఊళ్లో ఆర్ఎంపీ ఒక సూది వేసి "చూద్దాం" అంటే మాత్రం చూడకండి. మెడికల్ షాపులో "రక్తం ఆగే మాత్ర" తెచ్చి వేయడం కూడా అంతే. లోపలి ముక్క మాత్రకి బయటికి రాదు. పైగా బాలింతల కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలుగానే ఎక్కువ. అందుకే ఆ మాత్ర డాక్టరు చూసి ఇవ్వాల్సింది.

అక్కడ ఏం చేస్తారు

నాడి, బీపీ, రక్తపరీక్ష, లోపలి పరీక్ష, స్కాన్. చీము ఉంటే యాంటీబయోటిక్స్, సంచి ముడుచుకోవడానికి మందులు. ముక్క ఉంటే మత్తు ఇచ్చి తీసేస్తారు. "కడిగితే మళ్లీ పిల్లలు పుట్టరు" అని వెనకాడిన కుటుంబాలు నాకు తెలుసు. జాగ్రత్తగా తీస్తే చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. కుళ్లే ముక్కను లోపల ఉంచుకుంటేనే గర్భసంచికి ముప్పు. చాలా మందులకు పాలు ఆపక్కర్లేదు, అడిగి తెలుసుకోండి. చిన్నప్పటి నుంచి నెలసరి విపరీతంగా అయినవాళ్లు, పన్ను పీకిస్తే రక్తం ఆగనివాళ్లు ఆ మాట తప్పకుండా డాక్టరుతో చెప్పాలి. అప్పుడు లోపం రక్తంలోనే ఉండొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లతో

బాలింతకు పెట్టే కాయం మందు ముద్ద తినిపిస్తే తినిపించనీ, దానితో నాకు పేచీ లేదు. కాయం తిన్నది కదా, ఇక ఆసుపత్రి ఎందుకన్నప్పుడే పేచీ. నీళ్లు తక్కువ తాగించడం, పప్పూ ఆకుకూరా ఆపేయడం మాత్రం నేను ఒప్పుకోను. రక్తం పోయిన మనిషికి నీళ్లూ తిండీ కోసేస్తే ఎలా తేరుకుంటుంది? ఐరన్ మాత్ర కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాలి. కాల్షియం మాత్రతో కలిపి కాదు, టీతో అసలే కాదు.

మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు: ఈ రోజుల్లో ఆశా ఇంటికొస్తుంది. బిడ్డను తూకం వేసి వెళ్లిపోతుంటే ఆపి, క్యాలెండర్ చూపించండి. ఆమె రావడం బిడ్డ కోసమే కాదు.

ఇంకో సంగతి కాన్పుకి ముందే తేల్చుకోవాలి. అర్ధరాత్రి బయలుదేరాలంటే ఇంట్లో ఎవరు సరే అనాలి? మగవాళ్లు వేరావల్‌లోనో చెన్నైలోనో ఉంటారు, సముద్రం మీద ఉంటే ఫోన్ అందదు. "నన్ను అడగక్కర్లేదు, వెళ్లిపోండి" అని బాలింత భర్తతో ముందే స్పీకర్‌లో, అతని తల్లి వినేలా అనిపించండి. కొంత డబ్బు విడిగా ఒక డబ్బాలో పెట్టండి.

ఆరు వారాలు దాటినా ఎర్రగానే పోతుంటే, కొంచెమే అయినా ఒకసారి చూపించుకోండి. కాన్పప్పుడు కాపర్ టీ వేసి ఉంటే, వెంటనే మళ్లీ కడుపు రాకుండా వేసే అంతర ఇంజెక్షన్ తీసుకుని ఉంటే వాటివల్ల మరకలు కనిపించవచ్చు. పాలివ్వనివాళ్లకు ఆరేడు వారాలకే నెలసరి కూడా మొదలుకావచ్చు. పాలిచ్చేవాళ్లకు ఆలస్యమవుతుంది. ఇందులో ఏదో ఇంట్లో కూర్చుని తేల్చలేం. వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్ కూడా మళ్లీ చూపించుకోండి. పన్నెండో రోజున పడిపోయి రక్తం ఎక్కించుకున్న ఆ పిల్లకి మూడు నెలల తర్వాత చూస్తే తొమ్మిది కూడా లేదు. ఐరన్ మాత్రలు చూరులో దాచేసింది, తింటే విరేచనం నల్లగా అవుతోందని.